వసారాలో పదకొండు రాట్నాలు

"నువ్వు పోతాండావు గదప్పా అయ్యోరా. పోయేటోని మాట పట్టుకోని నా మనమరాలిని నేనెట్ల పంపల్ల?"

"పెద్దమ్మా, బడి నాది కాదు, ఊరిది. నేను పోయినా బడి యాడికీ పోదు."

"ఊరిదైతే ఊరొచ్చి మా మగ్గానికి కండెలు సుడతాదా?"

"అట్ల కాదు పెద్దమ్మా, నా మాట విను..."

"ఎట్ల కాదు? నువ్వు రమ్మన్నావు, రాట్నం ఎత్తుకోని వచ్చింది. నీ వసారాలో కూసోని సుట్టుకుంటాండాది, నాలుగక్షరాలు నేర్సుకుంటాండాది. నేనేమన్నా అన్న్యానా? రేపొచ్చేటోడు యా ఊరోడో, యా నీళ్ళు తాగినోడో. రాట్నం బయట పారేయమంటే, నువ్వు ఆదోని నుంచి బస్సెక్కి వచ్చి అడ్డం పడతావా?"

"చెప్పి పోతాను."

"యాడ సెప్తావు? ఆయప్ప సెవులోనా?"

"సభలో చెప్తాను. కర్నూలు నుంచి ఆఫీసరు వస్తాండాడు. కొత్తాయన వస్తాండాడు. ఊరి పెద్దలంతా ఉంటారు. వాళ్ళందరి ముందర చెప్తాను."

"సెప్తే పంపుతా. సెప్పకపోతే ఆ పొద్దే దీనికి బడి ఆఖరు. ఇంగ నన్ను అడగొద్దు."

ఈ మాటలన్నీ నేను తలుపు చాటున రాట్నం ముందర కూర్చొని విన్నాను. "ఆఖరు" అనే మాట వినపడగానే చేతిలో దారం పుటుక్కుమని తెగింది. అవ్వ అక్కడి నుంచే "తెగిందా? ముడేసుకో. నూలు పారేయొద్దు" అనింది. అయ్యోరుతో పోట్లాడుతున్నా ఆమె చెవి మాత్రం రాట్నం మీదే ఉండేది.

అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. అయ్యోరు అంటే దస్తగిరి అయ్యోరు, ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి బడికి పెద్దయ్యోరు. ఇరవై ఏండ్ల పిల్లోడుగా ఆ బడికి చిన్నయ్యోరుగా వచ్చి, గడ్డం తెల్లబడేదాకా అక్కడే ఉండి, ఆ వారం పింఛను తీసుకొని ఆదోనిలో కూతురింటికి పోతా ఉండినాడు. నేను అప్పుడు నాలుగో తరగతి. బడి పుస్తకంలో నా పేరు చౌడేశ్వరి. ఇంట్లో చౌడీ.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెలలో ఆ బడి పెద్ద టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు కూడా ఉద్యోగం అయిపోయే దినాలంట. వీడ్కోలు సభలో బడి చరిత్ర చెప్పాలంట. "అవ్వా, పాత పుస్తకాలు చెదలు తినేసినాయి. అప్పట్లో చదివినవాళ్ళల్లో మీరొక్కరే ఉన్నారంటున్నారు, ఏమన్నా చెప్పండి" అనింది. నోటితో చెప్తే ఆమె ఇంటికి పోయేలోపల సగం మరిచిపోతుంది, మిగిలిన సగం మార్చి చెప్తుంది. రాసిస్తానని చెప్పి పంపినాను. పాత క్యాలెండరు కాగితాల వెనక రాస్తున్నాను. వెనక తెల్లగా ఉండగా కొత్త పుస్తకం కొనే అవసరం నాకు కనపడలేదు. నా చదువు నాలుగో తరగతి మధ్యలోనే ఆగింది, కాబట్టి తప్పులుంటే ఆమె దిద్దుకోవాలి. సంగతిలో మాత్రం తప్పుండదు.

మా ఇల్లు ఎట్లుండేదో ముందు చెప్పాలి, లేకపోతే అవ్వ చెడ్డదని అనుకుంటారు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద నాయన, ఒకదాని మీద చిన్నాయన. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకొని కూర్చొని నేస్తారు. పొద్దు పొడవకముందే వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. ఈ కొసన నాయన, ఆ కొసన చిన్నాయన, మధ్యలో కుంచె పట్టుకొని ఇరుగుపొరుగు. వీధంతా జొన్న గంజి పులుపు వాసన, తడి నూలు వాసన. ఎద్దులబండి వచ్చినా ఆగాల్సిందే, పడుగు తీసేదాకా ఎవరూ దాన్ని దాటకూడదు. మేము పిల్లలం దాని కింద వంగి నడిచేవాళ్ళం, తలకు తగిలితే వీపు మీద ఒకటి పడేది. ఎండ ఎక్కేసరికి పడుగు ఇంట్లోకి వచ్చేది, జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిని మగ్గం ఎక్కితే దీపం పెట్టేదాకా దిగేవాళ్ళు కాదు. ఇక పడుగులో అటూ ఇటూ దూరే నాడె, అందులో పెట్టే కండెలు. మిల్లు నుంచి కట్టగా వచ్చిన నూలు లడిని రాట్నంతో చిన్న చిన్న కండెల మీదికి చుట్టాలి. అది ఆడవాళ్ళ పని, పిల్లల పని. అమ్మ పురుడు పోసుకొని జ్వరంతో మంచాన ఉండేది. అవ్వకు కుడిచెయ్యి వణుకు, దారం కంటికి ఆనేది కాదు. మిగిలింది నేను. నేను చుట్టకపోతే మధ్యాహ్నానికి రెండు నాడెలూ ఆగుతాయి. నాడె ఆగితే కుండ ఆగుతుందని అవ్వ అనేది. ఆమె ఊరికే అనేది కాదు, కుండ ఆగిన కాలాలు చూసిన మనిషి. కరువులో నానబెట్టిన చింతగింజలు తిన్నానని చెప్పి, మేము రొట్టె తునక వదిలితే అది మా నోట్లో పడేదాకా ఎదురుగా నిలబడేది. ఇప్పుడు నా మనమరాండ్ల దగ్గర నేనూ అట్లే నిలబడుతున్నాను. వాళ్ళకు నా మీద కోపం. ఉండనీ.

అట్లాంటి ఇంట్లోంచి నేను బడికెట్ల పోయినానంటే, దస్తగిరి అయ్యోరు చేసిన ఏర్పాటు వల్ల. అయ్యోరు ప్రతి ఏడూ బడి తెరిచే ముందు మగ్గాల వీధులన్నీ తిరిగి పిల్లల్ని పంపమని అడిగేవాడంట. మగపిల్లల్ని పంపేవాళ్ళు. ఆడపిల్ల సంగతి ఎత్తితే లోపల తిరుగుతున్న రాట్నాన్ని చేత్తో చూపించేవాళ్ళు, అంతే జవాబు. ఒక ఏడు ఆయనకు విసుగొచ్చి, "సరే, ఆ రాట్నంతోనే పంపండి" అన్నాడంట. ముందు నవ్వులాటకనుకున్నారు. మరుసటి దినం నా జతగత్తె కాసింబీ వాళ్ళ నాయన నిజంగానే పెద్దకూతుర్నీ రాట్నాన్నీ తెచ్చి బడి వసారాలో దించినాడు. చూద్దాం ఏమంటాడో అని. అయ్యోరు చాప తెచ్చి పరిచినాడు. నేను చేరేసరికి నాది కలుపుకొని వసారాలో పదకొండు రాట్నాలు. గోడకు ఆనుకొని ఒక వరుసగా కూర్చొనేవాళ్ళం. గది తలుపు తీసి ఉండేది, లోపల నల్లబల్ల మాకూ కనపడేది. చెయ్యి రాట్నం తిప్పుతుంటే నోరు ఎక్కాలు చెప్పేది. రెండో ఎక్కానికి ఒక కండె నిండేది. పదమూడో ఎక్కానికి రెండు పట్టేవి, ఎందుకంటే అందరం అక్కడ తడబడేవాళ్ళం. రాసే పని వచ్చినప్పుడు రాట్నం ఆపి పలక తీసుకొనేవాళ్ళం. మధ్యాహ్నం ఇంటికి పోయి కండెల గంప నాయన ముందర పెట్టి, సంగటి తిని, ఖాళీ కండెలు తీసుకొని మళ్ళీ వచ్చేవాళ్ళం. మా నాయన గంపలో చెయ్యి పెట్టి ఒక కండె తీసి, "ఇది యా ఎక్కం మే?" అని అడిగేవాడు. నేను "ఏడు" అనేదాన్ని. ఆయన నవ్వుకుంటూ నాడెలో పెట్టుకొనేవాడు. ఆయనకు చదువు రాదు, కానీ ఆ ఏడాది నేసిన చీరల్లో ఎక్కాలన్నీ ఉన్నాయని వీధిలో చెప్పుకొనేవాడు.

ఈ ఏర్పాటు ఏ పుస్తకంలోనూ లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారని తెలిస్తే ముందుదినమే రాట్నాలన్నీ కాసింబీ వాళ్ళింటికి చేరేవి. వాళ్ళ ఇల్లు బడి పక్కనే. బొంతలు కప్పేవాళ్ళం. తనిఖీ ఆయన వచ్చి "ఆడపిల్లలు కూడా బాగానే ఉన్నారే" అని సంతోషపడి పోయేవాడు. మా చేతివేళ్ళు ఎందుకు అట్ల కోసుకుపోయి ఉన్నాయని ఏ ఒక్కడూ అడగలేదు. కాబట్టి అవ్వ భయం ఉత్త భయం కాదు. అయ్యోరు నోటి మాట మీద నిలబడిన పని, ఆ నోరు పోతే నిలబడదు. అది నాకూ తెలుసు. నాకు ఏం కావాలో కూడా తెలుసు. అయిదో తరగతి దాటాలి. అయిదు దాటినవాళ్ళ పేర్లు అయ్యోరు గదిలో ఒక పలక మీద రంగుతో రాసి ఉండేవి, అందులో ఆడపిల్ల పేరు ఒక్కటే, కాసింబీ వాళ్ళ అక్కది. రెండోది నాది కావాలని ఉండేది. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, దానికోసం నేను దేవుళ్ళకు మొక్కుకున్నాను, మా చౌడమ్మకే కాదు, కాసింబీతో కలిసి దర్గాకు పోయి కూడా.

సభకు ఇంకా అయిదు దినాలుండగా ఆ పోట్లాట జరిగింది. ఆ అయిదు దినాలూ నాకు చుట్టడం సాగలేదు. దారం పదే పదే తెగేది. ఎక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు నిలబడి మాట్లాడినా బడి సంగతేనేమో అని చెవి పెట్టేదాన్ని. అయ్యోరు మరిచిపోతాడేమో. మరిచిపోకపోయినా భయపడతాడేమో. అందరి ముందర చెప్తే ఇన్నేండ్లు రూలు తప్పి నడిచినానని తనంతట తాను ఒప్పుకున్నట్టే. పింఛను ఆపేస్తారని కాసింబీ వాళ్ళ నాయన మా నాయనతో అనడం విన్నాను. "సెప్పడులే అన్నా. సెప్తే ఆయప్పకు ఆదోనిలో కూడెట్ల?" అన్నాడు. మా నాయన మగ్గం మీద చేత్తో ధూళి తుడిచినాడు. నేను మరుసటి దినం అయ్యోరు మొహం చూస్తే ఆయన మామూలుగానే ఉన్నాడు, సుద్దముక్కలు ఏరుకుంటూ. వేలికి పట్టనంత చిన్న ముక్కల్ని కూడా డబ్బాలో వేసుకొనేవాడు. ఆ ఒక్క గుణం వల్లే మా అవ్వకు ఆయనంటే గౌరవం.

సభ దినం పొద్దున నేనూ, కాసింబీ రాట్నాలు ఎత్తుకొని వాళ్ళింటికి పోబోతే అయ్యోరు ఆపినాడు. "ఈసారి దాచొద్దు. వసారాలోనే పెట్టండి" అన్నాడు. కాసింబీ నా చెవిలో "అయిపాయె మే. ఈ పొద్దు మనల్ని జీపులో ఎత్తుకోనిపోయి జైల్లో ఏస్తారు" అనింది. ఆమె నవ్వులాటకే అనింది. నాకు నవ్వు రాలేదు. పదకొండు రాట్నాలు గోడ పక్కన వరుసగా పెట్టినాము. ఎవరో వాటికి పసుపు కుంకుమ కూడా పెట్టినారు, ఎందుకో తెలియదు.

మధ్యాహ్నం తిరిగినాక ఆఫీసరు జీపులో వచ్చినాడు. తెల్లని ఖద్దరు, ఎర్రని మనిషి, మాట కృష్ణా ఒడ్డు మాట. ఆయన వెనక కొత్తయ్యోరు, చిన్న వయసు, చేతిలో నోటుపుస్తకం. ఊరి పెద్దలు మాట్లాడినారు, మాలలు వేసినారు. తర్వాత దస్తగిరి అయ్యోరు లేచినాడు. ఆయన అంతసేపు మాట్లాడడం అంతకుముందు ఎవరూ వినలేదు. బడి ఎట్ల పుట్టిందో చెప్పినాడు. ఆదోని దూది వ్యాపారి ఒకాయన మా ఊర్లోని తన గోదాము మూల ఒకటి ఇస్తే అక్కడ పుట్టిందంట. దూది బేళ్ళ మధ్యలో కూర్చొని పిల్లలు ఇసుకలో రాసేవాళ్ళంట, దుమ్ముకు దగ్గుతూ. గోదాము కావాల్సి వచ్చినప్పుడు వీధిన పడి, కొన్ని నెలలు ఒకరి పశువుల కొట్టంలో నడిచిందంట. ప్లేగు వచ్చినప్పుడు ఊరంతా బయట గుడిసెలేసుకుంటే బడి కూడా గుడిసెలోకి పోయిందంట. ఇప్పుడున్న గోడల రాళ్ళు తెచ్చింది బండ్లవాళ్ళు, ఎత్తింది పిల్లల తండ్రులు. "ఈ వాకిలి మీది దూలం ఎవరిదో తెలుసా? ఒకాయన పాత మగ్గం దూలం. కొడుక్కు చదువు రాలేదు గానీ, దూలం మాత్రం ఇన్నేండ్లుగా రోజూ బడికొస్తాంది" అన్నాడు. అందరూ నవ్వినారు. తాను చదువు చెప్పిన పిల్లల్లో ఆదోని రైలు స్టేషనులో ఉన్నవాణ్ణి చెప్పినాడు, మిల్లులో గుమాస్తాను చెప్పినాడు, పటాలంలో చచ్చిపోయినవాణ్ణి చెప్పినాడు.

నేను ఒక్క మాట కోసం కూర్చొని ఉన్నాను. ఆయన ఎంత బాగా చెప్తే నాకు అంత భయం ఎక్కువైంది. ఆడవాళ్ళ వరుసలో అవ్వ కొంగు బిగించుకొని, తల ఎత్తకుండా, చెవి మాత్రం పెట్టి కూర్చొని ఉంది. పొద్దు వంగుతా ఉంది. ఆఫీసరు ఒకసారి గడియారం చూసుకున్నాడు. అయ్యోరు "ఇంక ముగిస్తాను" అన్నాడు.

"ఒక్కటి మిగిలింది" అన్నాడు. "పోయే ముందర ఈ బడి హాజరు పుస్తకాలన్నీ మొదట్నుంచి తిరగేసినాను. పేజీలకు పేజీలు పోయినా ఆడపిల్ల పేరు లేదు. నేను వచ్చిన కొత్తలో కూడా లేదు. ఎందుకు పంపరని అడిగితే తల్లులు నాకు రాట్నం చూపించినారు. అది అబద్ధం కాదు. అందుకని రాట్నాలతోనే రమ్మన్నాను. అవిగో, ఆ వసారాలో ఉన్నాయి. రూలులో ఇది లేదని నాకు తెలుసు. తనిఖీలకు దాచినాను, అదీ నిజమే. తప్పయితే నా మీద వేసుకుంటాను. కొత్తయ్యోరికి నేను చేసే మనవి ఒకటే. ఆ పిల్లల్ని రాట్నాలతో కూర్చోనీండి. వాళ్ళు అయిదు దాటనీండి."

నేను అవ్వ దిక్కు చూసినాను. అవ్వ తల ఎత్తింది.

ఆఫీసరు కుర్చీలోంచి లేచి వసారా దగ్గరికి పోయినాడు. రాట్నాలను చూసినాడు, ఒకదాన్ని తిప్పి చూసినాడు. వెనక్కి తిరిగి "భేష్!" అన్నాడు. "తప్పేమిటండీ? స్వరాజ్యం తెచ్చిన పెద్దలు చెప్పింది ఇదే కదా! చదువుతో పాటు చేతిపని! జిల్లా అంతా తిరిగి చెబుతున్నాను, చెవిన పెట్టేవాడు లేడు. ఇక్కడీ మాస్టారు ఎవరూ చెప్పకుండానే చేసి చూపించారు. చిన్నపిల్లలు నూలు వడుకుతున్నారండీ, నూలు!" జనం చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను, చేతులు మండేదాకా.

ఆఫీసరు అంతటితో ఆగలేదు. "రేపట్నించీ ఈ బడిలో ఆడా మగా అందరూ నూలు వడకాలి. దూది పంపిస్తాం. తకిళ్ళు జీపులోనే ఉన్నాయి, ఒక కట్ట దింపండి. వడికిన నూలు ఆఫీసుకు పంపండి" అన్నాడు. తకిలి అంటే చిన్న బొంగరం లాంటి కదురు, దాన్ని తిప్పుతూ దూదిలోంచి దారం లాగుతారు. కొత్తయ్యోరు నోటుపుస్తకంలో రాసుకుంటూ, "అయ్యా, మరి ఇళ్ళనుంచి తెచ్చుకునే నూలు సంగతి?" అని అడిగినాడు. ఆయన చెడు తలచి అడగలేదు, అన్నీ సరిగా రాసుకోవాలనుకునే మనిషి. "ఇంటి నూలా? అదెందుకు? సొంత పని బడిలో చేసుకుంటే అది బడి అవుతుందా, మగ్గాల కొట్టం అవుతుందా? బడిలో బడి నూలే" అన్నాడు ఆఫీసరు.

చప్పట్లలో ఆ మాట సగం మందికి వినపడలేదు. వినపడినవాళ్ళకు అర్థమైంది. మా ఊర్లో పుట్టిన ఏ పసిబిడ్డను అడిగినా చెప్తుంది, నూలు చుట్టడం వేరు, నూలు వడకడం వేరు. మా రాట్నం మిల్లు నూలును కండెకు చుట్టేది, దూదిలోంచి దారం తీసేది కాదు. ఆఫీసరుకు చక్రం కనపడింది, అంతే. కాసింబీ వాళ్ళ నాయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకొని "రొట్టె సేతిలో పెట్టుకోని జొన్నలు ఇసరమన్నట్టుండాది గదన్నా" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వు ఆపుకోలేక వంగినారు. ఆఫీసరుకు ఎదురు చెప్పి ఆయన సంతోషం పాడుచేసే ధైర్యం మాత్రం ఒక్కరికీ లేదు. ఇంకొకటి కూడా ఉంది. అయ్యోరికి ఏమవుతుందో అని అందరూ భయపడి ఉన్నారు, భేష్ అనేసరికి గండం గడిచిందనుకున్నారు. దస్తగిరి అయ్యోరు లేచి "అయ్యా, అది వడకడం కాదు, అది..." అన్నాడు. అంతలో ఆఫీసరు తన మెడలోని మాల తీసి ఆయన మెడలో వేసినాడు. సభకు పిలిపించిన బ్యాండు మొదలైంది. అయ్యోరి మిగిలిన మాట ఎవరికీ వినపడలేదు.

బస్సు టైముకు అయ్యోరు బడి గేటు దగ్గర మా అవ్వ ముందర ఆగినాడు. "పెద్దమ్మా, చెప్పినాను" అన్నాడు. అవ్వ ఆయన మొహం చూసి, "సెప్పినావప్పా. మాట తప్పలేదు. నీ తప్పేం ల్యా" అనింది. కొంగులోంచి ఒక కొత్త తువ్వాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. అవ్వ ఎవరికైనా ఊరికే ఏమైనా ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. ఆయన దాన్ని కండ్లకద్దుకొని, నా తల మీద చెయ్యి పెట్టి, "చౌడేశ్వరీ, కొత్తాయన మంచోడే. తెలియక అడిగినాడు. రేపు నువ్వు నోరు తెరిచి చెప్పు. నువ్వే చెప్పు" అని బస్సెక్కినాడు. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు.

ఇంటికొచ్చినాక నాయన, "ఒక గంట ఆ దూది వడికి, మిగిలిన పొద్దంతా కండెలు సుట్టుకోనీమ్మా" అన్నాడు. అవ్వ, "ఆ కొత్తాయప్ప రాసుకున్న్యాడు, నేను సూసినా. రాసుకున్నోడు మారడు" అనింది. మళ్ళీ తానే, "పోనీ, రేపు పోయి అడగనీ. అడక్కుండా ఆగిందని రేపు నన్ననగూడదు" అనింది. నేను పండుకొని, ఏమని అడగాలో మాటలు పేర్చుకున్నాను. సార్ అనాలా అయ్యోరా అనాలా అన్న దగ్గరే చాలాసేపు ఆగిపోయినాను.

టీచరమ్మా, నువ్వు వచ్చినప్పుడు మీ బడిలో ఇప్పుడు మగపిల్లలకంటే ఆడపిల్లలే ఎక్కువని చెప్పినావు. మధ్యాహ్నం అన్నం పెడతారు, గుడ్డు పెడతారు, పుస్తకాలిస్తారు, సైకిలు కూడా ఇస్తారని చెప్పినావు. సంతోషమే. నా మనమరాలు ఆటోలో బడికి పోతుంది, దారిలో ఎవరూ దాన్ని పని అడగరు. అయినా నెలకు నాలుగుసార్లు కడుపునొప్పి అంటుంది. దాన్ని తిడతాను, తిట్టి మళ్ళీ భయపడతాను, నిజంగా ఏదన్నా ఉందేమో, ఎవరూ అడగలేదేమో అని. దస్తగిరి అయ్యోరు మీద నాకు చానా ఏండ్లు కోపముండేది. అసలు చెప్పకుండా ఉండింటే ఇంకో ఏడన్నా దాచుకొని నడిపించేవాళ్ళమేమో అని. అవ్వ అడగబట్టే ఆయన చెప్పినాడు, నేను చదవాలనే అవ్వ అడిగింది. ఈ దారం ఎక్కడ పట్టుకున్నా కొస చివరికి నా చేతికే వస్తుంది. ఇప్పుడు కోపం లేదు. ఆయన ఇంటింటికీ వచ్చి లోపల ఏం తిరుగుతుందో చూసినాడు. నీ తర్వాత వచ్చే టీచరుకు నువ్వేం చెప్పి పోతావో నాకు తెలియదు గానీ, నువ్వు రూలుకు బయట ఏమన్నా చేసి ఉంటే, అది ఎందుకు చేసినావో అర్థమయ్యేటట్టు ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు. సభలో చెప్పొద్దు.

మరుసటి దినం పొద్దున గంజి పని అయినాక మేము పదకొండుమందిమీ రాట్నాలు ఎత్తుకొని బడికి పోయినాము. వసారాలో చాప పరిచి ఉంది. దాని మీద తకిళ్ళ కట్ట, ఎక్కణ్ణుంచో తెప్పించిన దూది. నేను లేచి నిలబడి, "సార్, మేము వడికేది కాదు సార్, చుట్టేది. నేను చుట్టకపోతే మా నాయన మగ్గం ఆగిపోతుంది" అన్నాను. పేర్చుకున్న మాటలన్నీ వచ్చినాయి. కొత్తయ్యోరు అంతా విన్నాడు. "నిజమేనమ్మా. అయితే ఆఫీసరుగారు రాయించి పోయినారు, నేను నిన్ననే వచ్చినవాణ్ణి. ఇంటి పని సాయంత్రం చేసుకోండి. రాట్నాలు ఇంట్లో పెట్టి తొందరగా రండి, హాజరు వేస్తాను" అన్నాడు. మేము లేచినాము. వీధి మలుపు దాకా కలిసి నడిచి, ఎవరిండ్లకు వాళ్ళం పోయినాము. ఇంట్లో నాయన ఖాళీ నాడె చేతిలో పట్టుకొని కూర్చొని ఉన్నాడు. రాట్నం దించి చుట్టడం మొదలుపెట్టినాను. బడి గంట కొట్టినారు. అవ్వ నా దిక్కు చూసి, లడి తెచ్చి పక్కన పెట్టింది. మా పదకొండుమందిలో ఆ పొద్దు తిరిగి బడికి పోయినవాళ్ళు ఎవరూ లేరు.